మొక్క పుట్టుక తెలియకుండా తోట వేయిస్తున్నాం

హనుమాన్ జంక్షన్ నుంచి గుడివాడ దారి పడితే వరి మాగాణి, నూజివీడు వైపు తిరిగితే మెట్ట. ఆ మెట్టలో మామిడి సరసనే ఆయిల్‌పామ్ పెరిగింది. తొమ్మిది మీటర్ల ఎడంలో ఎకరాకు 57 మొక్కలు. గెలలు చేతికొచ్చేసరికి నాలుగో ఏడు నడుస్తుంది. తోట పాతికేళ్లకు పైనే ఉంటుంది. మొక్క మంచిది కాదని అప్పుడు తెలిస్తే రైతు చేయగలిగింది నరికేయడమే.

మందపాటి టెంక ఉన్న డ్యూరాను తల్లిగా, టెంక లేని పిసిఫెరాను తండ్రిగా పెట్టి సంకరం చేస్తే టెనెరా వస్తుంది. పల్చటి టెంక, ఎక్కువ గుజ్జు. డ్యూరా కంటే దాదాపు 30 శాతం ఎక్కువ నూనె. అదే టెనెరా తోటలో రాలిన పండ్లు ఏరి మొలకెత్తిస్తే పావు వంతు డ్యూరాలు, పావు వంతు సరిగా గెల కట్టని పిసిఫెరాలు వస్తాయి. నర్సరీ సంచిలో మూడూ ఒకేలా కనిపిస్తాయి. 2013లో మలేసియా పామాయిల్ బోర్డు శాస్త్రవేత్తలు టెంకను నిర్ణయించే జన్యువును పట్టుకున్నారు కాబట్టి ఇప్పుడు చిన్న ఆకు ముక్క చాలు, తేడా తెలుస్తుంది.

అంతకన్నా లోతైన ప్రశ్న ఇంకోటుంది: ఆ తల్లిదండ్రులు ఒకరికొకరు ఎంత దగ్గరి చుట్టాలు? ఆసియా తోటల్లో తల్లి వైపు వంశం చాలావరకు 1848లో జావాలోని బోగోర్ ఉద్యానవనంలో నాటిన నాలుగంటే నాలుగు చెట్ల దగ్గరికే చేరుతుంది. సంచి మీద కంపెనీల పేర్లు వేరైనా లోపలి రక్తం ఒకటే కావచ్చు. కొత్త తెగులు సోకితే అన్నీ ఒకేసారి లొంగిపోయే ప్రమాదం అక్కడుంది.

దీన్ని తేల్చేవి ఎస్‌ఎస్‌ఆర్ వంటి డీఎన్‌ఏ మార్కర్లు. డీఎన్‌ఏలో కొన్నిచోట్ల రెండు మూడు అక్షరాలు వెంటవెంటనే తిరిగొస్తుంటాయి. ఎన్నిసార్లన్నది చెట్టునుబట్టి మారుతుంది. ఒక లెక్క తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుంది. ఇలాంటి చోట్లు కొన్ని పదులు పోల్చితే బంధుత్వం బయటపడుతుంది, సంకరం నిజమో కాదో కూడా తెలుస్తుంది. ఏలూరు దాటితే పెదవేగిలో 1995 నుంచి నడుస్తున్న భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఆఫ్రికా నుంచి వచ్చిన రకాలను ఈ పద్ధతిలోనే పరిశీలించింది. వైవిధ్యం ఉన్నంత మాత్రాన దిగుబడి రాదు, ఏళ్ల తరబడి గెలలు తూచాల్సిందే. ఏ జంటను కలిపి చూడటం దండగో మాత్రం మార్కర్లు ముందే చెబుతాయి.

2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో ఆయిల్‌పామ్ మిషన్ ప్రకటించి, అదనంగా 6.5 లక్షల హెక్టార్ల సాగు లక్ష్యం పెట్టుకుంది. మొక్కకు రాయితీ ఇస్తోంది. విత్తనంలో పెద్ద భాగం దిగుమతి. గెల ధర మిల్లులో దిగిన నూనె శాతంతో ముడిపడి ఉంది కాబట్టి, పక్క పొలంలోని డ్యూరా చెట్లు నిఖార్సైన తోట వేసిన రైతు ధరనూ కోస్తాయి. నర్సరీలో మొక్క ఏడాదిపాటు ఉంటుంది. పరీక్షకు ఆ వ్యవధి ధారాళంగా సరిపోతుంది. ప్రతి బ్యాచ్ నుంచి నమూనాలు తీసి పరీక్షించి, తల్లిదండ్రుల వివరాలతో కలిపి ఆ ఫలితాన్ని రైతు చేతికి రాతపూర్వకంగా ఇచ్చాకే రాయితీ సొమ్ము నర్సరీకి విడుదల చేయాలి.