“ఏదోలా ఉంటది”

మహేశ్వరం, తుక్కుగూడ వైపు నుంచి నా దగ్గరికి వచ్చే యువతలో కొందరు హాస్టళ్లలో ఉండి చదువుతున్నారు, కొందరు విమానాశ్రయం చుట్టుపక్కల రాత్రి షిఫ్టులు చేస్తున్నారు. తమకు తామే చేసుకున్న గాయాలు కనిపించకుండా మండుటెండలోనూ చొక్కా చేతులు కిందికి లాక్కునే పిల్లల్ని “మనసులో ఏమవుతోంది నాన్నా?” అని అడిగితే తరచూ ఒకటే జవాబు: “ఏమో సార్, ఏదోలా ఉంటది.”

పక్కనున్న పెద్దవాళ్లు మాత్రం “అన్నీ నాటకాలు సార్, మమ్మల్ని బెదిరించడానికే” అంటారు. ఆధారాలు ఆ మాటను బలపరచడం లేదు. తమను తాము గాయపరచుకునేవారు ఎక్కువగా చెప్పే కారణం భరించలేని బాధను కాసేపైనా తగ్గించుకోవడం. 2007లో మనస్తత్వవేత్త క్లాన్‌స్కీ చేసిన సమీక్షలో తేలింది ఇదే. పైగా చాలామంది గాయాన్ని దాచుకుంటారు. నాటకమైతే దాచడమెందుకు?

ఆ “ఏదోలా” దగ్గర ఆగాలి. కోపమో, సిగ్గో, భయమో పోల్చుకోలేని స్థితికి 1970లలో మనోవైద్యుడు సిఫ్నియోస్ ‘అలెక్సిథైమియా’ అని పేరు పెట్టాడు. పేరు దొరకని బాధను ఎవరికి చెప్పుకుంటారు? దానికి తోడు చిన్న మాటకే కుంగిపోయే స్వభావం, మనసు ఉడికిపోతున్నప్పుడు ఆగలేని తొందర, అన్నిటికీ మించి “నేను పనికిరాను” అనే ఆత్మద్వేషం ఉంటే ప్రమాదం పెరుగుతుంది. ఇది పెంపకంలో లోపమని తేల్చేయడం నాకు అన్యాయమనిపిస్తుంది.

ఇలా గాయపరచుకోవడం అరుదూ కాదు. చావాలన్న ఉద్దేశం లేకుండా జీవితంలో ఒక్కసారైనా ఇలా చేసుకున్నవారు యువతలో సుమారు 13 శాతమని వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసిన 2014 నాటి విశ్లేషణ లెక్కగట్టింది. చావాలని లేదు కదా అని ఊరుకోవడమే నన్ను భయపెడుతోంది. తర్వాతి రోజుల్లో ఆత్మహత్యాయత్నాన్ని ముందుగా సూచించే బలమైన గుర్తుల్లో ఇదొకటి.

చికిత్స ఉంది. బాధను గుర్తుపట్టడం, ఆ ఉధృతి దాటేదాకా నిలబడటం నేర్పే డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ)ని మనస్తత్వవేత్త మార్షా లైన్‌హాన్ రూపొందించారు. 1991లో ఆమె ప్రచురించిన అధ్యయనంలో ఇలా గాయపరచుకునే ఘటనలు తగ్గాయి. తన యవ్వనంలో తానూ ఇదే అనుభవించానని ఆమె 2011లో బహిరంగంగా చెప్పారు.

ఇంట్లో గాయం కనిపిస్తే అరవకండి, ఒట్టు వేయించుకోకండి. పక్కన కూర్చుని “చచ్చిపోవాలనిపిస్తోందా?” అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. రాత్రి షిఫ్టు దిగాక, తెల్లవారుజామున కూడా అక్కడ తెలుగులో మాట్లాడొచ్చు.