స్ట్రాబెర్రీ తోటలో పాలమూరు కూలీ

ఇంట్లో చెప్పింది ఇంటర్న్‌షిప్ అని. చేసింది స్ట్రాబెర్రీలు తెంపే కూలి పని. 2019 ఎండాకాలం, నార్వే దక్షిణ తీరంలో గ్రిమ్‌స్టాడ్ అనే చిన్న ఊరు.

నార్వేనే ఎందుకంటే, ఉన్నమాట చెప్తా: ఫీజు లేదు. అప్పట్లో అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో మనలాంటి వాళ్లకు కూడా ట్యూషన్ ఫీజు ఉండేది కాదు. 2023 నుంచి యూరప్ బయటి విద్యార్థులకు పెట్టేశారు. ఆగ్డెర్ యూనివర్సిటీ ఇంజినీరింగ్ క్యాంపస్ ఈ ఊళ్లోనే ఉంది. ఫీజు లేదు కానీ రూమ్ అద్దె, తిండి ఖర్చు మాత్రం నార్వే లెక్కలోనే ఉంటాయి. స్టూడెంట్ పర్మిట్ మీద చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు, సెలవుల్లో ఫుల్‌టైమ్ పని చేసుకోవచ్చు. ఇంటర్న్‌షిప్ కోసం ఎన్ని మెయిల్స్ పెట్టినా ఒకటే ప్రశ్న: నార్వేజియన్ వచ్చా? రాదు. స్ట్రాబెర్రీలకు మాత్రం భాష అక్కర్లేదు.

గ్రిమ్‌స్టాడ్ ఫొటోలకు బాగుంటుంది. తెల్లటి చెక్క ఇళ్లు, రేవు నిండా పడవలు, జూన్‌లో రాత్రి పదిన్నర దాకా వెలుగు. ఇన్‌స్టాలో అవే పెట్టేవాణ్ని. పొద్దున్నే తోటలో సాలు వెంట వంగి నడిచే ఫొటో ఒక్కటి కూడా పెట్టలేదు. పండును పట్టుకుని లాగొద్దు, తొడిమతో సహా గోటితో తుంచాలి. లేకపోతే సాయంత్రానికి మెత్తబడిపోతుంది. మూడో రోజుకి నడుము నాది కాదనిపించింది.

నాతో పనిచేసే వాళ్లు పోలాండ్, లిథువేనియా, రొమేనియా నుంచి వచ్చినవాళ్లు. లిథువేనియా అక్క ఒకామె ఆరేళ్లుగా ప్రతి ఎండాకాలం వస్తోంది. పిల్లలు వాళ్ల అమ్మమ్మ దగ్గర. ఒకరోజు ఫోన్‌లో తన ఇంటి ఫొటో చూపించి, పైకప్పు మీద వేలు పెట్టి, "స్ట్రాబెర్రీ" అని నవ్వింది.

ఈ నవ్వు నాకు తెలుసు అనిపించింది. మాది మక్తల్ పక్కన ఊరు. ముంబై బస్సు దిగేవాళ్లను చూస్తూ పెరిగా. ఒకరి చేతిలో కొత్త టీవీ, ఒకరి చేతిలో ఏమీ లేకపోవడం, ముసలోళ్ల దగ్గర పెరిగిన పిల్లలు వాళ్లను గుర్తుపట్టకపోవడం. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా అక్కడ పాలమూరు లేబర్ ఉంటుందని పేరు. మా తాత కూడా వాళ్లలో ఒకడే. నాగార్జునసాగర్‌కి 1955లో పునాది రాయి వేశారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ మధ్యలో కొన్నేళ్లు తాత అక్కడ రాళ్లు మోసిండు. మా ఇంట్లో ఆ కథ ఒక్క లైనే: "తాత సాగర్ కట్టిండు." అంతకుమించి ఆయన చెప్పలేదు, మేం అడగలేదు.

జూలైలో ఒకరోజు మధ్యాహ్నం తోటలో అన్నం తింటుంటే అమ్మ వీడియో కాల్ చేసింది. అలవాటులో ఎత్తేశా. వెనకాల సాళ్లు, ట్రేలు, మట్టి చేతులు. అమ్మ ఏం మాట్లాడలేదు. ఫోన్ తాత చేతికి పోయింది.

"కూలికి బోయినవా బిడ్డా?"

"ఆఁ తాతా."

బాధపడతాడేమో అనుకున్నా. ఆయన అడిగింది వేరే.

"మేస్త్రి ఎసొంటోడు? లెక్క సక్కగ జేస్తుండా?"

చెప్పా. మొదటి రోజే కాగితం మీద ఒప్పందం రాశారని, గంటలు రాసుకుంటారని, జీతంతో పాటు స్లిప్ వస్తుందని. నార్వేలో దేశమంతటికీ ఒకే కనీస వేతనం లేదు. కానీ తోట పనికి ఇంతకంటే తక్కువ ఇవ్వకూడదని రేటు ఉంది, ఏ దేశం నుంచి వచ్చినా అదే. బయటి నుంచి వచ్చినవాళ్లకు తక్కువిచ్చి మోసం చేసే యజమానులు అక్కడా ఉంటారు కాబట్టే ఆ రూల్ పెట్టారు. పైగా సంపాదనలో కనీసం 10.2 శాతం సెలవుల డబ్బు అని విడిగా ఇవ్వాలి.

తాత అంతా విని ఒక్కటే అడిగిండు. "అడ్వాన్స్ దీస్కోలే గదా?"

"లేదు తాతా."

"అయితే మంచిదే. ఎప్పుడు బుద్ధయితే అప్పుడు రావొచ్చు."

ఆ తర్వాత చెప్పిండు. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకుని సాగర్ పోయిండట. అది తీరేదాకా కదలనియ్యలేదట. "మా అమ్మ సచ్చిపోయిందని కబురొస్తే గూడ పంపలే." యాభై ఏళ్లకు పైగా ఇంట్లో ఎవరికీ చెప్పని మాట, నా చేతుల మట్టి చూశాక బయటికొచ్చింది.

ఆ ఆదివారం ఊళ్లో ఇబ్సెన్ మ్యూజియానికి పోయా. నాన్న వ్యాపారం దివాలా తీశాక, పదిహేనేళ్ల వయసులో మందుల షాపులో పని నేర్చుకోవడానికి ఈ ఊరొచ్చిన పిల్లాడు ఆయన. మొదటి నాటకం ఇక్కడే రాశాడు. నార్వే కూడా ఒకప్పుడు వలస దేశమే. 1825లో 52 మందితో మొదటి ఓడ అమెరికాకి బయల్దేరింది. తర్వాత వందేళ్లలో ఎనిమిది లక్షల మంది దాకా పోయారు. మా తోట ఓనర్ వాళ్ల తాత అన్నదమ్ములూ అలా పోయినవాళ్లేనట.

ఇప్పుడు హైదరాబాద్‌లో కోడింగ్ చేస్తున్నా. ఆఫీస్ పక్కనే టవర్ లేస్తోంది. రేకుల షెడ్లలో ఒడిశా, బీహార్ కూలీలు ఉంటారు. వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన కూలీకి స్థానికులకంటే తక్కువ ఇవ్వొద్దని, దారి ఖర్చులివ్వాలని మన దేశంలో 1979లోనే చట్టం చేశారు. అది ఆ షెడ్ల దాకా ఎంత వచ్చిందో, టీ కొట్టు దగ్గర వాళ్లతో రెండు మాటలు కలిపితే అర్థమవుతుంది. నేను తాత ప్రశ్నలే అడుగుతా: లెక్క సరిగ్గా చేస్తున్నారా? అడ్వాన్స్ ఉందా? రెండోదానికి చాలామంది తల దించుకుంటారు.

విదేశాలకు పోయే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి కూడా అదే చెప్తా. ఏ పనైనా చేయండి, కాగితం లేకుండా మాత్రం చేయకండి. ఇంట్లో దాచకండి.

మా అమ్మ ఇప్పటికీ చుట్టాలకు ఇంటర్న్‌షిప్ అనే చెప్తుంది. తాత పక్కనుంచి సరిదిద్దుతాడు: "కూలికి బోయిండు. పైసలు పూర్తిగ ఇచ్చిండ్రు."