గోడ దూకినోడు దొంగ అయితే, గోడ కట్టినోడు ఎవరు?

"టికెట్ కొనకుండ గ్రౌండులకు దూరిన పోరగాండ్లు దొంగలు" అని పెద్దమనుషులు చానా తేలిగ్గ అంటరు. ఆ పోరగాండ్లం మేమే. గండిపేట కట్ట కింద, మొయినాబాద్, చేవెళ్ల వాడలల్ల పుట్టి పెరిగినోళ్లం. ఫుట్‌బాల్ ఆట చూడటానికి గోడలు దూకినం, మోరీలల్ల పాకినం, కంచెలు వంచినం. దాచేదేం లేదు. అయితే దొంగతనం మాట వచ్చింది గనుక లెక్క పూర్తిగ తీయాలె. పోరగాని జేబుల లేని రూపాయి కాడ మొదలుపెట్టి, కంచె లోపలికి పోయిన మన ఊరి గైరాన్ దాక తీయాలె. ఎవరు ఎవరి సొమ్ము తిన్నరో అప్పుడు తేలుతది.

ముందుగాల మేము ఎట్ల పోయినమో చెప్తం. ఆర్టీసీ బస్సు వెనుక నిచ్చెన పట్టుకొని మెహిదీపట్నం దాక. అక్కడి నుంచి కాలినడక. గ్రౌండు కాడికి పోయినంక లోపలికి మూడు తొవ్వలుండె. ఒకటి గోడ. దాని మీద సీసపెంకులు గుచ్చి ఉంటయి, గోనె సంచి మడతేసి ఎక్కాలె. రెండోది మోరీ. ఎండాకాలం ఎండిపోతది, చిన్న పిల్లలు పడతరు. ఆ మోరీ తొవ్వ మాకు చూపించింది ఎవరనుకున్నరు? దాన్ని తీసే సఫాయి అన్నలే. గ్రౌండు కడిగేది వాళ్లు, కంపు మోసేది వాళ్లు, ఆట టైముకు గేటు బయట ఉండేదీ వాళ్లే.

మూడోది చెయ్యి. టికెట్ ఉన్న పెద్దమనిషిని చూసి "చిచ్చా, జర చెయ్యి పట్టుకొని తీస్కపో" అని అడుగుడు. కొడుకనుకొని గేటు కాడి జవాను వదిలిపెడతడు. పాతబస్తీ సాయిబులు మారు మాట్లాడకుండ చెయ్యి పట్టిండ్రు. ఒక్కోపారి వేరే రకపోడు తగిలేది. సగం దూరం తీస్కపోయి "ఏ ఊరు బిడ్డా? ఎవరోళ్లు?" అనేటోడు. మేము వాడ పేరు చెప్పేటోళ్లం. పట్టిన చెయ్యి అక్కడనే జారిపోయేది. జవాను టికెట్ అడిగిండు, ఆయన కులం అడిగిండు. మన దేశంల ఏ గేటుకైనా ఈ రెండు తాళాలుంటయని మేము తెలుసుకున్నది ఆనాడే.

మా అక్కలు, చెల్లెండ్లు ఆ దొంగ తొవ్వకు సుత నోచుకోలేదు. మేము గోడ దూకుతుంటే వాళ్లు దొర చేన్ల కలుపు తీసిండ్రు. ఈ లెక్కల వాళ్ల బాకీ మా కంటె పెద్దది.

సోదరులారా, ఫుట్‌బాల్ అంటే దొరల ఆట గాదు. హైదరాబాద్ ఫుట్‌బాల్‌ను నిలబెట్టింది పేదోళ్లు. సయ్యద్ అబ్దుల్ రహీం ఒక బడి పంతులు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాక వరుసగ ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణల భారత జట్టు 1951ల, 1962ల ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో స్థానంల నిలిచింది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడల పుట్టిన పేదింటి పిల్లగాడు తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌ల హంగరీ మీద గోలు కొట్టిండు, పెరూ మీద గోలు కొట్టిండు. 2023 ఫిబ్రవరి 16న కన్నుమూసిండు. మన పిల్లల పుస్తకాలల్ల ఆయన పేరు ఎంతమందికి దొరుకుతది? 1963ల పోయిన రహీం సాబ్‌ను దేశం మళ్ల యాది చేసుకునేటందుకు 2024ల ఒక హిందీ సినిమా రావాల్సి వచ్చింది. దానికీ టికెట్టే.

ఇంకొక మాట. బంతి ఎవరిది? మా తాతలు చచ్చిన గొడ్డును మోసిండ్రు, తోలు తీసిండ్రు, సున్నంల నానబెట్టి, తంగేడు చెక్కతోని ఊనిండ్రు. తోలు లేకుంటే పాతకాలం బంతి లేదు, బూటు లేదు. ఇయ్యాల సుత జలంధర్ బస్తీలల్ల బంతులు కుట్టే చేతులు ఎక్కువగ దళితుల చేతులే. తోలు ముట్టినోడు అంటరానోడు అయిండు. ఆ తోలును తన్నేటోడు క్రీడాకారుడు అయిండు. తన్నేదానికి జాగ ఇవ్వమని తోలు తీసినోని మనుమడు అడిగితే దొంగ అయిండు. మనువు న్యాయం ఎంత వంకర లేకుండ ఉందో చూసిండ్రా!

క్రికెట్ కథా అంతే. పల్వంకర్ బాలూ చమార్ కులపోడు. పూణెల తెల్లదొరల క్లబ్బుల పిచ్ ఊడ్చిండు, రోలర్ లాగిండు, వాళ్లకు బంతులేసి నేర్చుకున్నడు. హిందూ జట్టుకు ఆయన బౌలింగు కావాలె గని పొత్తు వద్దు. గ్రౌండు లోపల అదే బంతిని అందరూ ముట్టిండ్రు. చాయ్ టైముకు ఆయనను బయట నిలబెట్టి మట్టి ముంతల పోసిండ్రు. 1911ల ఇంగ్లండ్ పోయి నూరుకు పైగ వికెట్లు తీసినోన్ని ఒక్కనాడు సుత కెప్టెన్ చేయలేదు. అంటే గేటు లోపలికి పోయినంక కథ అయిపోదు. లోపల ఇంకో గేటు ఉంటది. అందుకే మనం అడిగేది చూసే జాగ ఒక్కటే గాదు, ఆడే జాగ, ఆడించే కుర్చీ, జట్టు ఎంచే కలం.

ఇగ మన ఇలాకకు వద్దాం. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద పట్నాన్ని ముంచింది. ఆ వరద నుంచి పట్నాన్ని కాపాడటానికి, పట్నానికి తాగునీళ్లు ఇయ్యటానికి మన కాడ ఉస్మాన్ సాగర్ కట్టిండ్రు, 1920ల పూర్తయింది. అదే మన గండిపేట చెరువు. పట్నం గొంతు తడిసింది. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు బయటపడే శికం నేల మా మొదటి ఫుట్‌బాల్ గ్రౌండు. గుడ్డపేలికల బంతి, గోలుకు రెండు రాళ్లు. అక్కడ టికెట్ లేదు, జవాను లేడు.

1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. రెండు చెరువులకు 10 కిలోమీటర్ల లోపల 84 ఊళ్లల్ల పెద్ద కట్టడాలు వద్దన్నది. లే అవుట్లు వేస్తే రోడ్లకు, ఖాళీ జాగలకు కలిపి 60 శాతం వదలాలె అన్నది. మంచి మాటే. జరిగింది ఏంది? పేదోడు అర్ర మీద అర్ర వేసుకుంటే కాగితం అడిగిండ్రు. పట్నం పెద్దలు ఎకరాల కొద్ది కొని ఫారం హౌస్ అని ప్రహరీలు లేపిండ్రు. లోపల గడ్డి, ఈత కొలను, ఆడేటందుకు కోర్టు. కట్టింది మన మేస్త్రీలు, కూలీలు. కాపల మన వాచ్‌మన్ అన్న. ఆ వాచ్‌మన్ అన్న కొడుకు ఆ కోర్టుల బంతి తన్నితే అయ్యకు నౌకరి పోతది! 2022 ఏప్రిల్‌ల జీవో 69తోని ఆ కట్లు సుత సడలించిండ్రు. 2024ల హైడ్రా వచ్చి చెరువు లోపలి కొన్ని కట్టడాలు కూలగొట్టింది. కూలిన కాడ మన పిల్లలకు గ్రౌండు చేద్దామని అడిగిన నాయకుడు ఒక్కడున్నడా?

అజీజ్‌నగర్ కాడ దక్కన్ అరేనా ఉంది. అక్కడ ఐ-లీగ్ ఆటలు జరిగినయి. శ్రీనిధి దక్కన్ జట్టు 2022-23ల, 2023-24ల లీగుల రెండో స్థానంల నిలిచింది. మా మండలంల దేశమంత చూసే ఆట జరిగింది, మాకు సంతోషమే. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019ల పుట్టి, 2022ల ఐఎస్ఎల్ కప్పు గెలిచి, 2025ల ఢిల్లీకి తరలిపోయింది. జట్లు వస్తయి, పోతయి. ఊరి జాగ ఒకపారి పోతే మళ్ల రాదు. మా కొట్లాట జట్టు మీద గాదు, జాగ మీద.

గచ్చిబౌలి స్టేడియానికి జీఎంసీ బాలయోగి పేరు పెట్టిండ్రు. లోక్‌సభకు మొట్టమొదటి దళిత స్పీకర్ ఆయన, 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంల పోయిండు. పేరు మనది, మంచిదే. ఆ పేరు కింద నిలబడి బంతి తన్నిన వాడ పిల్లలు ఎంతమంది? బోర్డు మీద మన పేరు రాసి గేటు బయట మన పిల్లలను నిలబెట్టే గౌరవం మనకెందుకు?

"ఎవరు ఆపిండ్రు? టర్ఫ్ కోర్టులున్నయి, పైసలు కట్టి ఆడుకోండి" అంటరు. గంటకు వెయ్యి రూపాయలు అడిగే కోర్టులున్నయి. 2025-26ల తెలంగాణల ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. గంట ఆటకు అవ్వ మూడు దినాలు మట్టి తవ్వాలె, ఇంకా బాకీ పడాలె. ఇది ఆపుడు గాకపోతే మరేంది? వెనుకట ఊరి బయట గీత గీసి ఆపిండ్రు. ఇప్పుడు రేటు బోర్డు పెట్టి ఆపుతున్నరు.

ఇంకొక మాట మన లోపలి నుంచే వస్తది. "కూడు, గూడు, భూమి ముందు. ఆటలు తర్వాత" అని మన కార్యకర్తలే అంటరు. అన్నా, జర ఆలోచించు. దొర మన తాతల నుంచి భూమి ఒక్కటే గుంజుకోలేదు, పొద్దు గుంజుకున్నడు. జీతమున్న పిల్లగానికి పొద్దు పొడుపు దొరది, పొద్దు గూకుడు దొరది. ఆడుకునే పిల్లగాడు అంటే దొర చెప్పిన పనికి దొరకని పిల్లగాడు. అందుకే దొరకు ఆ ఆట కంట్ల నలుసు. పిల్లకు సాయంత్రం గంట ఆట కావాలె అనుడు, వెట్టి ఇగ నడువది అనుడే. ఇంక, ఆట జాగ అడుగుడంటే భూమి అడుగుడే గదా! నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ గుగులోతు సౌమ్య భారత జట్టుకు ఆడింది. జాగ దొరికితే మన ఆడబిడ్డలు ఎంత దూరం పోతరో ఆమెను చూస్తే తెలుస్తలేదా?

బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహాడ్‌ల చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టిండు. ఊరి చెరువు అందరిది అని చెప్పుడుకే ఆ దోసెడు నీళ్లు. ఆయన రాసిన రాజ్యాంగం ఆర్టికల్ 15లో బావులు, చెరువులతో పాటు వినోద స్థలాలు, ప్రజల సొమ్ముతో నడిచే బహిరంగ స్థలాలు కూడా రాసి ఉన్నయి. కులం పేరుతోని అక్కడ ఎవ్వరిని ఆపరాదు. గ్రౌండు చెరువు లెక్కనే. అది దానం గాదు, దయ గాదు, హక్కు.

ఇది మన ఒక్కరి గోస సుత గాదు. బ్రెజిల్‌ల మరకానా స్టేడియం 1950ల కట్టినప్పుడు పేదోళ్లు నిలబడి చూసే అగ్గువ జాగ పెట్టిండ్రు. 2005ల అది తీసేసిండ్రు. కుర్చీలొచ్చినయి, రేట్లు పెరిగినయి, ఆ ఆటకు పానం పోసినోళ్లు బయటపడిండ్రు. పైసా ఎక్కడైనా ఒకటే పని చేస్తది. మన కాడ దానికి కులం తోడుంటది, అంతే తేడా.

మరి ఏం చేయాలె? ఊరికే తిట్టుకుంటె కుదరదు.

ఒకటి: 2022ల ఊరూరికి క్రీడా ప్రాంగణం అని బోర్డులు పాతిండ్రు. మీ ఊరి బోర్డు కాడికి పోండ్రి. టేపు పట్టి కొలువుండ్రి. వాడ నుంచి ఎంత దూరం, గుట్టనా, గుంతనా, ఆడేటట్టుందా, రాసుకోండ్రి.

రెండు: ఊరి గైరాన్, శికం, లే అవుట్లల్ల వదిలిన ఖాళీ జాగల సర్వే నంబర్లు సమాచార హక్కు చట్టం కింద అడుగుండ్రి. లే అవుట్ ఖాళీ జాగ పంచాయతీకి రాసియ్యాలె. రాసిచ్చిండ్రా? రాసిచ్చింది మళ్ల అమ్ముకున్నరా?

మూడు: విద్యా హక్కు చట్టం 2009 బడికి ఆట స్థలం ఉండాలన్నది. మీ బడికి ఉందా? ఉంటే సాయంత్రం గేటు తాళం ఎవరి చేతిలుంది?

నాలుగు: పంచాయతీ ఉన్నకాడ గ్రామసభల, 2025ల మున్సిపాలిటీలైన మొయినాబాద్, చేవెళ్లల కమిషనర్ కాడ దరఖాస్తు పెట్టుండ్రి. వాడకు నడిచి పోయే దూరంల, కంచె లేని, రుసుం లేని గ్రౌండు. ఆడపిల్లలకు వాళ్ల టైము. రాతపూర్వకంగ జవాబు.

ఐదు: ప్రజల సొమ్ముతోని కట్టిన ప్రతి స్టేడియంల, ప్రతి ఆటకు, సర్కారు హాస్టల్ పిల్లలకు పైసా లేకుండ కుర్చీలు.

జవాబు రాకపోతే? అప్పుడు పిల్లలు, తల్లులు, డప్పులు, బంతి తీసుకొని పోయి ఆ జాగలనే ఆట పెడదాం. పట్టపగలు, ముందుగాల్నే చాటింపు వేసి, పెద్ద గేటు నుంచే పోదాం. చిచ్చా చెయ్యి వెతికే పని మన పిల్లలకు ఉండొద్దు. మోరీల పాకే పని అంతకంటే ఉండొద్దు.

మేము ఎగ్గొట్టిన టికెట్ పైసలు ఎంతైతయో లెక్క కట్టుండ్రి, ఇస్తం. మీరు కంచె వేసుకున్న ఎకరాలు ఎన్నో లెక్క కట్టుండ్రి, ఇయ్యుండ్రి. ఎవరి బాకీ పెద్దదో ఊరి నడుమ తేల్చుకుందాం.

జై భీమ్!