నగరమున అన్నపానములు

హైదరాబాదు నగరమునకు క్రొత్తగా వచ్చినవారు ఎచ్చట తినవలెను, ఏమి త్రాగవలెను అని అడుగుట సహజము. సమాధానము చెప్పువారికిని కొదువలేదు. 2019 సంవత్సరమున యునెస్కో సంస్థ ఈ నగరమును పాకకళకు ప్రసిద్ధమైన సృజనాత్మక నగరములలో చేర్చినది మొదలు అట్టివారి సంఖ్య మరింత హెచ్చినది. ఏ హోటలు బిరియాని మేలు, ఏ వీధి హలీము రుచి యను వాదము మాకును ప్రియమైనదే. కాని ఈ నగరపు భోజనశాలల గొప్పతనము రుచియందు సగమే యున్నది. తక్కిన సగము, ఎవ్వరు ఎవ్వరి ప్రక్కన కూర్చుండి తినగలుగుచున్నారన్న దానియందున్నది. ఆ సగమునకే నేడు చేటు మూడినది.

ఇచ్చట ఏ వంటకము ఎచ్చటినుండి వచ్చినదో విచారించిన ఆశ్చర్యము కలుగును. గోధుమలను మాంసముతో గంటల తరబడి కట్టెల పొయ్యిపై నుడికించి, మెత్తగా మెదిపి చేయు హలీము అరబ్బుల సొమ్ము. నిజాము సైన్యమున కొలువునకై వచ్చిన యెమెను దేశీయుల సంతతివారు నేటికిని బార్కసులో నివసించుచున్నారు. ఆ హలీమునకు 2010 లో హైదరాబాదు పేరిటనే భౌగోళిక గుర్తింపు లభించెను. మోజంజాహి మార్కెట్టు కడ 1953 లో కరాచీ బేకరీని స్థాపించిన ఖాన్‌చంద్ రమ్నానీ దేశవిభజన కాలమున తరలివచ్చిన సింధీ. విడిచివచ్చిన సీమ పేరు దుకాణమునకు పెట్టుకొనెను. ఆ పేరు చూచి 2025 మే నెలలో దానిపై దుమికినవారు, తాము దేశభక్తి యనుకొనుచున్నది దేశమును నమ్మి వచ్చినవానికి అవమానమని గ్రహింపరైరి.

అయితే వీరందరికంటె నగరమునకు ఎక్కువ మేలుచేసినవారు ఇరానీలని మా అభిప్రాయము. పందొమ్మిదవ శతాబ్దపు చివరను, ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములందును పారసీక దేశమునుండి బొంబాయి, పూనాల మీదుగా వచ్చి వారు వీధి మూలలందు హోటళ్లు పెట్టిరి. తేయాకు కషాయమును మూసిన పాత్రలో సన్నని సెగపై మరగించి, పాలను వేరుగా చిక్కబడువరకు కాచి, రెండింటిని కప్పులో కలిపి యిచ్చుట వారి పద్ధతి. బన్ను మస్కాయో, ఉస్మానియా బిస్కట్టో దానికి తోడు. టీ రుచిని గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. ఆ చలువరాతి బల్లను గూర్చి చెప్పవలెను. ఒక్క కప్పు తెప్పించి ఇద్దరు పంచుకొనినను సర్వరు ముఖము చిట్లింపడు. రిక్షావాడును, వకీలును, పరీక్ష తప్పిన విద్యార్థియు, క్రొత్త గజలు వినిపింప వచ్చిన కవియు ఒకే బల్లకు చేరుదురు. నీ కులమేదని అడుగువాడు లేడు. ఇక లేచిపొమ్మను వాడును లేడు.

ఇది చిన్న సంగతి కాదు. ఒకప్పుడు చెన్నపట్టణమునను, మన పట్టణములందును బ్రాహ్మణులకు వేరుగ, ఇతరులకు వేరుగ పంక్తులుండెడివి. రైలు స్టేషనుల ఫలహారశాలలు సైతము ఇందుకు మినహాయింపు కావు. పంచములకు గుమ్మముకడనే నిషేధము. 1950 జనవరి 26 న అమలునకు వచ్చిన రాజ్యాంగము తన పదునైదవ అధికరణములో దుకాణములను, హోటళ్లను, భోజనశాలలను పేరుపెట్టి పేర్కొని, కులమతాదుల కారణమున వానియందు ఎవ్వరికిని ప్రవేశము నిరాకరింపరాదని శాసించెను. దేశమునకు మూలశాసనము వ్రాయువారు పూటకూళ్ల యింటి సంగతి మరువలేదు!

ఇప్పుడు అడ్డుపడుచున్నది వెల. మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతములందు అద్దాల మేడలలో వెలసిన కాఫీశాలలకు పోయి చూడుడు. అచ్చట ఒక కప్పునకిచ్చు సొమ్ముతో కూలివాని యింటిల్లిపాదియు ఒకపూట భోజనము చేయవచ్చును. మంచినీరు సైతము సీసాలో పెట్టి అమ్మెదరు. ఆ మేడకు రాళ్లు మోసినవాడు దాని లోపల కూర్చుండి తినజాలడు. మరియొకవైపున అద్దెలు పెరిగియు, వీధులు వెడల్పుచేయబడియు, పుత్రులు ఆ వృత్తి నొల్లకయు ఇరానీ హోటళ్లు ఒక్కొక్కటిగా మూతపడుచున్నవి. వానిని బలవంతముగా నిలుపుట ఎవరి తరమును కాదు.

నిలుపదగినవి వీధిబండ్లు. ఇడ్లీ, దోసె, జొన్నరొట్టె, మిరపకాయ బజ్జీ, వేడి అన్నము — నగరమున శ్రామికునకును, హాస్టలు విద్యార్థికిని కడుపు నింపుచున్నవి ఇవియే. 2007 ఆగస్టు 25 న కోఠీలోని గోకుల్ చాట్ దుకాణముకడను, లుంబినీ వనమునను బాంబులు ప్రేలి నలువదిమందికి పైగా మరణించిరి. ఆ దుకాణము మరల తెరువబడెను. జనులు మరల వచ్చి, ఆ వీధిలోనే నిలిచి తినిరి. ఆ ధైర్యము ఎవరు నేర్పగా వచ్చినది?

వీధి వర్తకుల రక్షణకై 2014 లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. వర్తకుల లెక్క తీసి ధ్రువపత్రము లిచ్చువరకు ఎవ్వరిని తొలగింపరాదనియు, పత్రము పొందినవానిని కదలింపవలెనన్న ముప్పది దినముల ముందు తెలియజేయవలెననియు, వర్తక సంఘములో వందకు నలువదిమందికి తక్కువ కాకుండ వర్తకులే యుండవలెననియు అందులో స్పష్టముగా నున్నది. కాని 2024 జనవరిలో మాదాపురముకడ అన్నము పెట్టు ఒక స్త్రీ బండిని పోలీసులు కదలింపబూనినప్పుడు ఆమెను కాపాడినది ఈ చట్టము కాదు, ముఖ్యమంత్రి ఆజ్ఞ. ఆమెకు న్యాయము జరిగినందుకు సంతోషింతుము. ఆమె ఫోనులలో, టీవీలలో ప్రసిద్ధురాలు. ప్రసిద్ధి లేని వేలమంది బండ్లను లారీ కెక్కించునాడు ఏ ముఖ్యమంత్రి వచ్చును? హక్కుగా రావలసినది అనుగ్రహముగా వచ్చుట స్వతంత్ర దేశమునకు శోభ కాదు.

2014 లో అన్నపూర్ణ పేరిట ఆరంభమై, 2025 లో ఇందిర పేరు దాల్చిన ఐదు రూపాయల భోజనము మంచి పని. పేరు మారినను అన్నము మారకున్న చాలును. అయితే పలుచోట్ల నిలిచి తినవలసి వచ్చుచున్నది. ప్రభుత్వము రెండు బల్లలు వేయించిన బొక్కసము తరిగిపోదు. పురపాలకులు వీధివర్తకుల లెక్క పూర్తిచేసి ధ్రువపత్రములీయవలెను. బండ్లున్న చోట ఒక నీటి కుళాయియు, చెత్తతొట్టియు, నాలుగు రేకుల నీడయు కల్పింపవలెను. శుభ్రత లేదని బండి తీసివేయుటకు ముందు నీరు ఇచ్చితిమా యని విచారింపవలెను. రాబోవు వేసవిలోపల ఇందులో ఎంత జరుగునో మేము చూచుచుందుము.