కాఫీ పొడిని మరిగించి పాడుచేయకండి

మన పాడేరు, చింతపల్లి ఏజెన్సీ కొండల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన పండే కాఫీకి 'అరకు వ్యాలీ అరబికా' పేరిట 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇంత మంచి పంట చెంతనే ఉండగా, ఇంటికి వచ్చిన చుట్టానికి మనం ఇచ్చేది మాత్రం చేదు కషాయం. కాచే తీరులోనే తప్పున్నదని చెప్పక తప్పదు.

చాలా ఇళ్లల్లో టీ పొడి మాదిరిగా కాఫీ పొడిని పాలల్లో వేసి తెగ మరిగిస్తారు. మరిగేకొద్దీ చేదు దిగుతుంది, వాసన ఆవిరితో పోతుంది. ఇన్‌స్టంటు పొడితో శ్రమ లేదు, నిజమే. డికాక్షన్ రుచి మాత్రం దానికి రాదు.

అన్నింటికన్న ఫిల్టరే మేలు. పై గిన్నెలో మూడు చెంచాల పొడి వేసి, బిళ్లతో మెల్లగా అదిమి, మరిగించి దించిన నీళ్లు పోసి మూతపెట్టాలి. గట్టిగా అదిమితే డికాక్షన్ దిగదు. దిగిన డికాక్షన్‌ను మళ్లీ పొయ్యిమీద పెట్టరాదు, పాలు వేడిగా ఉంటే చాలు. ఫిల్టరు లేనివారు దించిన వేడినీళ్లలో పొడి కలిపి, నాలుగైదు నిమిషాలు ఆగి నూలుగుడ్డలో వడగట్టుకోవచ్చు. మా ఇంట్లో ఏళ్లతరబడి ఇదే పద్ధతి. ఆ గుడ్డను సబ్బుతో ఉతికితే మాత్రం కాఫీ అంతా సబ్బు వాసనే!

ఎలా కాచినా పొడి మంచిదై ఉండాలి కదా. చికోరి ఒక వేరు. రంగు, చిక్కదనం కోసం దానిని కలుపుతారు. మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదని, ఎంత కలిపిందీ పొట్లంమీద అచ్చువేయాలని నిబంధన ఉంది. సంతలో విడిగా తూచి ఇచ్చే పొడికి ఆ అచ్చు ఏదీ? గ్లాసుడు చన్నీళ్లమీద చిటికెడు పొడి చల్లి చూడండి. కాఫీ పైన తేలుతుంది, చికోరి రంగు చారలు వదులుతూ వెంటనే మునుగుతుంది. ఈపాటి పరీక్ష అధికారులు సంతకు వచ్చి పదిమంది ఎదుట చేసి చూపితే, కాఫీ ధరకు వేరుపొడి అమ్మేవారి ఆట కడుతుంది.