అశోక్ కుమార్ మీద కేసు

2012 మే నెలలో కొన్నాళ్లపాటు విమియో తెరిచినవాళ్లకు వీడియో బదులు ఒక వాక్యం కనిపించింది... కోర్టు ఉత్తర్వుల మేరకు ఈ సైటును నిలిపివేశామని! డైలీమోషన్‌దీ అదే పరిస్థితి. పైరేట్ బే సంగతి సరేసరి. ఇంటర్నెట్ ఏ కంపెనీదన్నదాన్ని బట్టి ఒకరింట్లో సైటు వచ్చేది, పక్కింట్లో వచ్చేది కాదు. ఏం జరిగిందో చాలామందికి అంతుపట్టలేదు.

అసలు సంగతేమిటంటే... చెన్నైకి చెందిన ఓ యాంటీ పైరసీ సంస్థ రెండు సినిమాల తరఫున మద్రాసు హైకోర్టు ఉత్తర్వులు తెచ్చుకుంది. ఒకటి ధనుష్ ‘3’. రెండోది జూనియర్ ఎన్టీఆర్ ‘దమ్ము’. దొంగ ఎవరో తెలిస్తే కేసు వేయొచ్చు. తెలియకపోతే? అందుకూ ఓ దారి ఉంది. ఊరూ పేరూ తెలియని ప్రతివాదికి ఇంగ్లిషు చట్టంలో ‘జాన్ డో’ అని పేరు పెట్టి కేసు నడుపుతారు. మన దేశంలో ఆయన్నే ‘అశోక్ కుమార్’ అనడమూ ఉంది. దేశంలోని అసలు అశోక్ కుమార్‌లు ఏ పాపం చేశారో మరి!

ఆ ఉత్తర్వు అందుకున్న ఇంటర్నెట్ కంపెనీలు దొంగ సినిమా ఉన్న పేజీలేవో వెతికే శ్రమ పెట్టుకోలేదు. ఎందుకొచ్చిన గొడవని కొన్ని ఏకంగా సైట్లకే తాళం వేశాయి. విమియోలో ఉండేవి ఎక్కువగా కుర్రాళ్లు సొంత డబ్బుతో తీసుకున్న షార్ట్‌ఫిల్ములు, డాక్యుమెంటరీలు. వాళ్లూ కళాకారులే. కళాకారులను కాపాడే పేరుతో వాళ్ల కొట్టు మూయించారన్నమాట. జూన్ 9న కొన్ని నగరాల్లో కుర్రకారు ముసుగులు తగిలించుకుని రోడ్డెక్కింది. చివరికి జూన్ 22న హైకోర్టే వివరణ ఇచ్చింది... దొంగ కాపీ ఉన్న ఫలానా పేజీలనే ఆపాలి, సైటు మొత్తాన్ని కాదు అని.

ఇక్కడో తమాషా ఉంది. ‘3’ సినిమాకు పేరు తెచ్చింది ‘కొలవెరి’ పాట. 2011 నవంబరులో దాని కచ్చా రికార్డింగు ఎలాగో నెట్‌లోకి జారిపోయింది. ఇక ఆపి లాభం లేదనుకున్న సినిమావాళ్లు నవంబరు 16న అసలు పాటను తామే యూట్యూబ్‌లో పెట్టేశారు. చూసినవాడల్లా ఇంకొకడికి పంపాడు. తమిళం రానివాళ్లూ పాడుకున్నారు. అనిరుధ్ అనే కొత్త కుర్రాడు రాత్రికి రాత్రే దేశమంతా తెలిసిన సంగీత దర్శకుడయ్యాడు. నెట్‌లో లీకైన పాటతో ఊరూరా తెలిసిన సినిమా, ఆర్నెల్లు తిరక్కుండానే నెట్ మీద కోర్టుకెక్కింది. తప్పని అనలేం. పాట వింటే టికెట్ కొనబుద్ధవుతుంది. సినిమా అంతా ఇంట్లోనే చూసేస్తే ఇక కొనేదేముంది!

అంతకు కొద్ది నెలల ముందు అమెరికాలో ఇదే గొడవ ఇంకా పెద్దయెత్తున నడిచింది. పైరసీ సైట్లను సెర్చి ఫలితాల నుంచి తీసేయించడానికీ, వాటికి ప్రకటనల సొమ్ము అందకుండా చేయడానికీ ‘సోపా’, ‘పిపా’ అని రెండు బిల్లులు తెచ్చారు. హాలీవుడ్ కావాలంది, ఇంటర్నెట్ కంపెనీలు వద్దన్నాయి. 2012 జనవరి 18న ఇంగ్లిషు వికీపీడియా 24 గంటలపాటు చీకటైపోయింది. రెండ్రోజులకే బిల్లులు అటకెక్కాయి.

ఇంత యుద్ధంలోనూ పాట రాసినవాడి ఊసు తక్కువ. కొట్టుకునేదంతా నిర్మాతలు, కంపెనీలే. మన దేశంలో సినిమా పాటకు యజమాని నిర్మాతేనని సుప్రీంకోర్టు 1977లోనే తేల్చింది. అంటే, వేరే ఒప్పందం లేకపోతే, కవికి రాసినప్పుడిచ్చిందే దక్కేది. ఆ పాట రేడియోలో మోగినా, మొబైల్‌లో రింగుటోనైనా ఆ డబ్బు ఆయన గడప తొక్కాల్సిన పని లేదు. దొంగ సీడీ వల్ల కవికి పోయిందెంతో, సంతకం పెట్టిన కాగితం వల్ల పోయిందెంతో లెక్కగడితే రెండోదే ఎక్కువ తేలుతుందేమో!

విమియోకు తాళం పడిన ఆ 2012 మే నెలలోనే పార్లమెంటు కాపీరైట్ చట్టాన్ని సవరించింది. రాజ్యసభలో నామినేటెడ్ సభ్యుడిగా ఉన్న జావేద్ అఖ్తర్ అందుకోసం గట్టిగా పోరాడారు. సినిమా హాల్లో తప్ప పాట ఇంకెక్కడ వాడినా కవికి, సంగీత దర్శకుడికి రాయల్టీలో సమాన వాటా రావాలి. ఆ హక్కు వదులుకుంటానని వాళ్లు రాసిచ్చినా చెల్లదు. అవసరంలో ఉన్నవాడు దేనిమీదైనా సంతకం పెడతాడని తెలిసిన మనిషి ఆలోచన అది. పైరసీ మీద వచ్చిన ఎన్నో కఠిన చట్టాలకన్నా ఈ ఒక్క మాటే కళాకారుడికి ఎక్కువ మేలు చేసేది.

అలాగని హక్కు వస్తే అంతా సాఫీ అనీ కాదు. 2017లో అమెరికాలో కచేరీలు చేస్తున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి ఇళయరాజా నుంచి లీగల్ నోటీసు వెళ్లింది... తన అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దని. చట్టం అలా ఉంటే పాటిద్దామంటూ బాలు మిగతా సంగీత దర్శకుల పాటలతో కచేరీ నడిపించారు. జీవితమంతా కలిసి పనిచేసిన ఇద్దరి మధ్యకు కాపీరైట్ రావడం తెలుగువాళ్లకు మింగుడుపడలేదు.

చట్టాలు మాత్రం బిగుస్తూనే ఉన్నాయి. 2023లో సినిమాటోగ్రఫీ చట్టాన్ని సవరించి, హాల్లో కెమెరా పెట్టి సినిమా దొంగిలిస్తే మూడేళ్లదాకా జైలన్నారు. జరిమానా సినిమా ఖర్చులో అయిదు శాతం దాకా పోవచ్చు. 2025 నవంబరులో ‘ఐబొమ్మ’ను నడుపుతున్నాడన్న అభియోగం మీద హైదరాబాద్ పోలీసులు ఒకరిని అరెస్టు చేశారు. ఇన్నేళ్లుగా కోర్టు కాగితాల్లో అశోక్ కుమార్‌గా తిరిగినవాడికి ఓ ముఖం దొరికింది. నిర్మాతలు పోలీసులకు దండం పెట్టారు. సోషల్ మీడియాలో మాత్రం జాలిపడినవాళ్లు కోకొల్లలు. టికెట్లకీ పాప్‌కార్న్‌కీ కలిపి ఇంటిల్లిపాదికీ ఎంతవుతుందో లెక్కలు వేసి మరీ పెట్టారు.