ఒక పన్ను తగ్గించి చూడండి

ఆర్‌ఎక్స్ 100 బైకు గేర్‌బాక్స్ విప్పించి క్లోజ్ రేషియో గేర్లు వేయిస్తామనే ఘంటసాల ఊరి కుర్రాళ్లకు నేను చెప్పేదొకటే: ముందు స్ప్రాకెట్ మార్చండి. ఇంజను వైపు 14 పళ్లది తీసి 13 పళ్లది వేస్తే లాగుడు 8 శాతం దాకా పెరుగుతుంది, టాప్ స్పీడు 7 శాతం పోతుంది. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరును లో గేర్లో వేసే ఊరికి ఈ లెక్క కొత్త కాదు. ఇంజను బలం పెంచినవాడికైతే మొదటి ఖర్చు క్లచ్ ప్లేట్లు, గట్టి స్ప్రింగులు. క్లచ్ జారుతుంటే ఎంత ఖరీదైన గేర్లైనా దండగే. అంతకు మించి, 402 మీటర్ల డ్రాగ్ పందేనికి కుదిరేంత పొట్టి గేరింగు చల్లపల్లి రోడ్డు మీద ఊరికే అరుస్తుంది, పెట్రోలు తాగుతుంది. రోడ్డు మీద పందెం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం, అది సరే. మాసూళ్లప్పుడు సగం రోడ్డు ధాన్యం ఆరబోతకే పోతుంది కదా, ఇక ఏ గేర్లో పందెం?